బిగించని బోల్టు

ఊరికి చివర, కొండదారి మొదలయ్యే చోట ఒక రేకుల షెడ్డు ఉండేది. దానికి బోర్డు లేదు. పైకి వెళ్లే ఫోర్‌వీల్ బండ్లన్నీ అక్కడ ఆగి గానీ కొండ ఎక్కేవి కావు కాబట్టి బోర్డు అవసరమూ పడలేదు. షెడ్డు నడిపే పెద్దాయనను అందరూ మేస్త్రి అనేవారు.

మేస్త్రిది ఒకటే పట్టు. బండి బాగున్నప్పుడే తన దగ్గరికి రావాలి.

"బాగానే నడుస్తోంది కదా మేస్త్రీ, ఇప్పుడెందుకు?" అని ఎవరైనా నసిగితే, "నడుస్తోంది కాబట్టే తెమ్మన్నాను. ఆగిపోయాక అయితే నువ్వు తేవు, నలుగురు మోసుకొస్తారు. ఆగిన బండి దగ్గరికి వెళ్లేవాడు మెకానిక్కు కాదు నాయనా, కాటికాపరి" అనేవాడు.

డీజిలు ఇంజను మొండి ఘటమని ఆయన నమ్మకం. నొప్పి ఉన్నా పైకి చెప్పదు, చెప్పిందంటే అప్పటికే పని అయిపోయినట్టు. అందుకని అది చెప్పకముందే మనమే వెళ్లి అడగాలి. నల్లబడిన ఆయిలు దించాలి. డీజిలు ఫిల్టరు అడుగున చేరిన నీళ్లు వదిలెయ్యాలి. గాలి ఫిల్టరు దులపాలి. బెల్టు మీద పగుళ్లున్నాయేమో వేలితో తడిమి చూడాలి. ఆయన చేతి కింది నుంచి వెళ్లిన బండి కొండ మీద ఆగిపోయిందన్న మాట ఆ దారిలో ఎవరూ వినలేదు.

ఆయనకు ఒక్కతే కూతురు. పాకే వయసులో షెడ్డులోకి వచ్చి, దొరికిన పానా నోట్లో పెట్టుకుని చప్పరించిందట. తల్లి గుండెలు బాదుకుంటే మేస్త్రి మాత్రం "పళ్లు రాకముందే పానా పట్టింది" అని మురిసిపోయాడు. అప్పటి నుంచి ఆమె పేరు పానా అయింది. తల్లి పోయాక బడి నుంచి నేరుగా షెడ్డుకే వచ్చేది. ముప్పై దాటిన ఇప్పుడు గేరుబాక్సు దించడం దగ్గర్నుంచి ఇంజెక్టర్లు సరిచేయడం వరకూ తండ్రి పని సగం ఆమే చేస్తోంది.

షెడ్డుకు అందరికంటే ఎక్కువగా వచ్చే మనిషి లోగేరు. అదీ అసలు పేరు కాదు. మేస్త్రికి చిన్ననాటి స్నేహితుడు, తమ్ముడి వరస. పాత ఆకుపచ్చ ఫోర్‌వీల్ బండిలో కొండ మీది ఊళ్లకు నర్సులనూ టీచర్లనూ చేరవేసేవాడు. ఎంత తొందరున్నా నిదానమే. "వాడి బండి పెళ్లికని ఎక్కితే పిల్లలు పుట్టాక దింపుతాడు" అని నవ్వుకునేవారు. ఆయన పట్టించుకునేవాడు కాదు. దిగేటప్పుడు బ్రేకు మీద ఆధారపడకూడదని, నాలుగు చక్రాలూ కలిపి లో గేరులో వేసి, బండి బరువును ఇంజను చేతనే పట్టించి దిగాలని ఆయన పద్ధతి. పేరు అలా వచ్చిందే. పానాకు ఆయన బాబాయి, ఆయన భార్య పిన్ని. పిన్ని ఇంట్లోనే బట్టలు కుట్టేది. పానా బట్టలకు జేబులు రెండింతలు పెద్దవిగా పెట్టేది, పానాలూ స్క్రూడ్రైవర్లూ పట్టాలి గనుక.

మేస్త్రి మతిలోంచి మొదట వస్తువుల పేర్లు పోయాయి. "అది ఇవ్వమ్మా, ఆ గుండ్రటిది" అనేవాడు. వాషరా, బేరింగా అని పానా ఒక్కొక్కటే చూపించేది. వయసు మీద పడింది కదా అని నవ్వుకున్నారు ఇద్దరూ. తర్వాత ఒక బండికి ఉదయం పోసిన ఆయిలే మధ్యాహ్నం మళ్లీ పోశాడు. ఇంకోసారి ఫిల్టరు అడుగున నీళ్లు వదిలే కుళాయి తెరిచి అలాగే వదిలేశాడు. ఆమె చూసేసరికి డీజిలు నేల మీద మడుగు కట్టింది.

ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరు కాగితమిచ్చి గడియారం బొమ్మ గీయమన్నాడు. మేస్త్రి చక్కటి సున్నా చుట్టి, పెన్సిలు ఎత్తి, "దీనికి పళ్లెన్ని పెట్టమంటారు?" అని అడిగాడు. డాక్టరు నవ్వాడు. మేస్త్రి నవ్వకుండా సున్నా చుట్టూ గేరు చక్రానికి ఉన్నట్టు పళ్లు గీస్తూ పోతుంటే ఆ నవ్వు ఆగిపోయింది. పానాను పక్కకు పిలిచి, మతిమరుపు జబ్బు అని, మందులు దాన్ని నెమ్మది చేస్తాయే తప్ప ఆపవని చెప్పాడు.

"ఏమన్నాడు?" అన్నాడు మేస్త్రి, బయటికొచ్చాక.

"విశ్రాంతి తీసుకోమన్నాడు నాన్నా. ఇకనుంచి నువ్వు కూర్చుని చెప్పు, నేను చేస్తాను."

"నడిచే ఇంజనును తీసుకెళ్లి మూల పెడితే ఏమవుతుందో నీకు తెలీదా?"

అయినా ఒకరోజు కూర్చున్నాడు. కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని, బస్సు తప్పిపోయిన మనిషిలా దారి వంక చూస్తూ కూర్చున్నాడు. సాయంత్రానికి ఆయన మొహం చూడలేక ఆమే పానా తెచ్చి చేతిలో పెట్టింది.

అప్పటి నుంచి మధ్యాహ్నం తిన్నాక ఆయన షెడ్డు మూలన మడతమంచం మీద కునుకు తీసేవేళ, ఉదయం ఆయన ముట్టుకున్న ప్రతి బండి కిందికీ ఆమె దూరేది. ప్రతి బోల్టుకూ పానా వేసి చూసేది. దాదాపు ఎప్పుడూ అన్నీ సరిగ్గానే ఉండేవి. ఆయన చేతులు మరిచిపోలేదు, చెవులు మరిచిపోలేదు. రోడ్డు మీద పోయే బండి చప్పుడు విని ఏ ఇంజెక్టరు కొట్టుకుంటోందో చెప్పేవాడు. మధ్యమధ్య పనిలో ఎక్కడో ఒక ముక్క మతిలోంచి జారిపోయేది, అంతే. పూర్తిగా చెడిపోయి ఉంటే మాన్పించడం ఆమెకు తేలికయ్యేది.

ఒకరోజు సామాన్ల కొట్టు నుంచి తిరిగి వస్తుంటే, షెడ్డు దాటాక వచ్చే మలుపులో, నీళ్ల ట్యాంకు గోడ చాటున ఆకుపచ్చ బండి ఆగి ఉంది. బండి కింద నుంచి రెండు కాళ్లు బయటికి కనిపిస్తున్నాయి.

"బాబాయ్! బండేమైంది?"

లోగేరు తల ఎత్తబోయి ఇంజనుకు కొట్టుకున్నాడు. నుదురు రుద్దుకుంటూ బయటికి జరిగాడు. చేతిలో పానా ఉంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దొంగకు దొంగ ఎదురుపడ్డట్టయింది.

"అన్నకు చెప్పకు," అన్నాడు ఆయన.

"నీకెప్పుడు తెలిసింది?"

"చాలా రోజులైంది. ఒకరోజు నన్ను మా నాన్న పేరు పెట్టి పిలిచాడు. నేను కూడా పలికేశాను." లోగేరు తన చేతిలోని పానాను బట్టతో తుడిచాడు. "నువ్వూ చూస్తున్నావా?"

"మధ్యాహ్నం పూట. ఆయన పడుకున్నాక."

"అమ్మయ్య," అన్నాడు. ఆయన గుండెల మీద నుంచి బరువు దిగినట్టు కనిపించింది. "నేనొక్కడినే అనుకుని భయపడి చస్తున్నాను. ఇద్దరం ఉన్నాం కదా, ఇంక ఫరవాలేదులే."

"వేరే ఎవరి దగ్గరికైనా తీసుకెళ్లొచ్చు కదా బాబాయ్. ఏమీ అనుకోను."

"ఆ మాట ఆయనతో ఎవరు చెప్తారు? నువ్వు చెప్తావా?"

ఆమె చెప్పలేనంది. ఆయనా చెప్పలేనన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఏ రోజు ఎవరు చూడాలన్న మాట మాత్రం ఆ పూట ఇద్దరికీ తోచలేదు.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం లోగేరు బండి సర్వీసుకు వచ్చింది. ఆ వేళే ఇంకో బండి గేరుబాక్సు దింపి జాకీ మీద పెట్టి ఉంది, పానా దాని కిందే ఉంది. మేస్త్రి లోగేరు బండి కింద పాత ఆయిలు దించాడు, ఫిల్టరు మార్చాడు, కొత్త ఆయిలు పోశాడు, కడ్డీ తీసి ఆయిలు మట్టం చూపించాడు. అంతా మామూలుగానే జరిగింది. కబుర్లు కూడా చెప్పాడు.

నర్సమ్మ ఒకామె బల్ల మీద కూర్చుని ఉంది. పైఊరి పిల్లలకు వేసే టీకాల పెట్టె ఆమె ఒళ్లో ఉంది. "ఐసు కరిగిపోతోంది, కాస్త త్వరగా కానివ్వండి" అని రెండు మూడుసార్లు అంది. మేస్త్రి బానెట్టు వేసి దాని మీద అరచేత్తో తట్టి, "వెళ్లిరారా" అన్నాడు.

ఇంజను స్టార్టయిన చప్పుడు పానాకు వినిపించింది. లేచి వెళ్లి ఒకసారి చూద్దామా అనుకుంది. గేరుబాక్సు బరువు ఒక చేత్తో ఆపి ఉంది, వదిలితే పడిపోతుంది. మలుపు దగ్గర బాబాయి ఎలాగూ ఆగుతాడులే అనుకుంది. అక్కడ స్టీరింగు ముందు ఆయనేమనుకున్నాడో ఎవరికీ తెలియదు. పిల్ల షెడ్డులోనే ఉంది, చూసే ఉంటుందిలే అనుకుని ఉండాలి. మలుపు దగ్గర ఆ రోజు బండి ఆగలేదు.

తర్వాత జరిగింది నర్సమ్మ చెప్పింది.

ఎక్కేటప్పుడు ఏమీ తెలియలేదు. పిల్లలందరికీ సూదులు వేయడం అయింది. దిగేటప్పుడు వాన కాస్త తగ్గింది గాని, పెద్దవాలు దగ్గర దారంతా ఎర్రబురద. లోగేరు బండి ఆపి, "అమ్మా, మీరు దిగి నడవండి. ఈ జారుడు దాటాక ఎక్కుదురుగాని" అన్నాడు. జారుడు కనిపిస్తే మనుషులను దింపి ఖాళీ బండి తోలడం ఆయనకు ఎప్పుడూ ఉన్న అలవాటే. ఆమె గొడుగు వేసుకుని వెనకాల నడిచింది. బండి ఎప్పటిలా నాలుగు చక్రాల మీద నిదానంగా దిగుతోంది. ఉన్నట్టుండి ఇంజనులోంచి ఇనుము ఇనుమును కొరికినట్టు ఒక అరుపు వచ్చింది. నాలుగు చక్రాలూ ఒక్కసారే బిగుసుకుపోయాయి. తిరగని చక్రాలతో బండి బురద మీద పలకలా జారింది, పక్కకు తిరిగింది, అంచు దాటింది.

నర్సమ్మ కేకలు వేస్తూ పరుగెత్తింది. అప్పుడు ఆమెకు దారి మీద ఒక నల్లటి గీత కనిపించింది. రాళ్ల మీద, నీళ్ల మీద, వాళ్లు వచ్చిన దారి పొడవునా సన్నగా నల్లటి ఆయిలు.

లోగేరును పైకి తెచ్చేసరికి ప్రాణం లేదు.

పానా నర్సమ్మను ఒక్క మాటే అడిగింది. "వెళ్లేటప్పుడు మలుపు దగ్గర ఆగాడా?"

"ఎక్కడా ఆగలేదమ్మా. ఐసు కరుగుతుందని నేనే తొందర పెట్టాను," అని నర్సమ్మ ఏడ్చింది.

అంత్యక్రియల్లో మేస్త్రికి అన్నీ తెలిసే ఉన్నాయి. జబ్బు ఆ రెండు రోజులూ ఆయనను వదిలిపెట్టినట్టు కనిపించింది. అందరికంటే ముందు నడిచాడు, స్నేహితుడి పాదాలు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పిన్ని ఏడవలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, వచ్చినవాళ్లందరితోనూ "కూర్చోండి" అంటూ ఉంది.

అధికారులు వచ్చి చూసి, జారుడులో అదుపు తప్పిందని రాసుకుని వెళ్లారు. బండిని క్రేనుతో పైకి లాగాక ఎక్కడ దించాలన్న మాట వచ్చింది. "దాని పుట్టిల్లు అదే కదా" అని ఎవరో అంటే, తెచ్చి షెడ్డు ముందు దించారు. ఆ సాయంత్రం పానా దాని కింద దూరి చూసింది. ఇంజను అడుగున, పాత ఆయిలు దించే డ్రెయిన్ బోల్టు ఉండవలసిన చోట ఖాళీ కన్నం ఉంది. ఆమె బయటికొచ్చి బండి మీద టార్పాలిన్ కప్పింది.

మర్నాడు ఉదయం ఆమె షెడ్డుకు వచ్చేసరికి టార్పాలిన్ నేల మీద ఉంది. మేస్త్రి బండి కింద నుంచి లేస్తున్నాడు. మొహం ఎర్రగా ఉంది.

"ఎవడు చేశాడీ పని?"

"ఏ పని నాన్నా?"

"డ్రెయిన్ బోల్టు లేదు. ఎవడో వెధవ వేళ్లతో తిప్పి వదిలేశాడు, పానా పెట్టి బిగించలేదు. ఎక్కినంతసేపూ అదురుకు వదులై వదులై దిగేటప్పుడు ఊడి పడింది. ఆయిలంతా పోయింది. ఇంజను పట్టేసింది. వాడు జారి చావలేదే! వాణ్ణి చంపారు!"

"రాయి తగిలి ఊడిపోయి ఉంటుందిలే."

"రాయి తగిలితే కన్నంలో బోల్టు తిరిగే మర చితికి ఉండాలి. వచ్చి చూడు. మర కొత్తదిలా మెరుస్తోంది." ఆయన బండి రేకు మీద పిడికిలితో గుద్దాడు. "ఇంత పాపం చేసిన చెయ్యి ఎవడిది? వాడి చెయ్యి పడిపోను! అన్నం ముద్ద నోటిదాకా వెళ్లకుండా పోను! ఎవడి దగ్గరికి వెళ్లాడు వీడు? నా దగ్గరికి కాకుండా ఇంకెక్కడికి వెళ్లాడు?"

పానా వంగి టార్పాలిన్ అంచు అందుకుంది.

మేస్త్రి అక్కడే నిలబడి నుదురు చిట్లించాడు. ఏదో దూరంగా ఉన్నదాన్ని పట్టుకోబోతున్నట్టు గాలిలోకి చూశాడు. "సర్వీసు... మొన్న ఉదయం కదూ. నర్సమ్మ కూర్చుంది. ఐసు అంది. బండి ఇక్కడే ఉంది..." మాట ఆగింది. మెల్లగా తల దించి తన రెండు చేతుల వైపు చూసుకున్నాడు. "నేను గానీ..."

ఆ మొహంలోకి రాబోతున్నది ఆమెకు ముందే కనిపించింది.

"నేనే చేశాను నాన్నా," అంది. "నువ్వు పడుకున్నావు. నేనే సర్వీసు చేశాను. గేరుబాక్సు పని మధ్యలో లేచి వచ్చాను. తొందరలో బిగించడం మరిచిపోయాను."

మేస్త్రి ఆమెను చూస్తూ ఉండిపోయాడు. చేతులు కిందికి వాలాయి. ఊపిరి తీసుకున్నాడు. తర్వాత చాచి చెంప మీద కొట్టాడు. పుట్టాక ఆమె మీద ఆయన చెయ్యి పడడం అదే మొదలు. చెంప మీద ఆయిలు మరక నల్లగా అంటుకుంది.

"ఇంకెప్పుడూ నా షెడ్డులో పానా పట్టుకోకు. నా కళ్ల ముందుకు రాకు. పో."

ఆమె దారి దాటి, ఎదురుగా ఉన్న రాయి మీద కూర్చుంది. షెడ్డులో ఆయన బిగ్గరగా ఏడవడం వినిపిస్తూనే ఉంది. ఆమెకు నొప్పి తెలియలేదు. ఆ చెయ్యి తనదేనని ఆయనకు తెలియకుండా పోయిందన్న ఒక్క ఊరట మాత్రం ఉంది.

పిన్నికి మాత్రం అబద్ధం చెప్పలేకపోయింది. ఆ మధ్యాహ్నమే వెళ్లింది. పిన్ని కుట్టుమిషను ముందు ఊరికే కూర్చుని ఉంది. పానా గుమ్మం దగ్గరే నిలబడి జరిగిందంతా చెప్పింది. మొదట్నుంచీ చెప్పింది, జబ్బు సంగతీ, తను చాటుగా చూడడం, బాబాయి మలుపులో ఆగి చూసుకోవడం, ఆ రోజు ఇద్దరిలో ఎవరూ చూడకపోవడం.

"నువ్వు చూసి ఉంటే..." అంది పిన్ని.

"చూడలేదు పిన్నీ."

"ఆయన చూసుకుని ఉంటే..."

"చూసుకోలేదు."

పిన్ని మిషను చక్రాన్ని ఒక చుట్టు తిప్పింది. సూది ఖాళీగా దిగి లేచింది.

"జబ్బు అని తెలిసీ మీరిద్దరూ ఆయన చేతికి పానా ఇచ్చారు. మొహమాటానికి. చెప్పలేక." గొంతులో కోపం లేదు, అంతకంటే చల్లటిదేదో ఉంది. "ఇప్పుడు వెళ్లమ్మా. నిన్ను చూస్తుంటే ఊపిరాడడం లేదు."

షెడ్డు మూసేశారు. పానా ఊరి నడుమ వేరేవాళ్ల గ్యారేజీలో పనికి కుదిరింది. ఇంట్లో తండ్రీ కూతుళ్ల మధ్య మాటల్లేవు. తర్వాత నెమ్మదిగా ఒక విచిత్రం జరిగింది. మేస్త్రి స్నేహితుడు చనిపోయిన సంగతి మరిచిపోయాడు. ఇంజను, బురద, అంత్యక్రియలు, ఏవీ మిగల్లేదు. కూతురి మీద కోపం మాత్రం మిగిలింది. దేనికో ఆయనకే తెలియదు. ఆమె కంచం పెడితే మొహం తిప్పుకునేవాడు. బల్ల మీద పానా కనిపిస్తే, "అది ముట్టుకోకు, నీ చెయ్యి మంచిది కాదు" అనేవాడు. ఎందుకలా అన్నానా అని తనే కాసేపు తికమక పడేవాడు.

ఒకరోజు ఆమె పనిలో ఉండగా ఆయన ఇంట్లోంచి బయటపడి, నేరుగా లోగేరు ఇంటికి నడిచి వెళ్లాడు. గేటు దగ్గర నిలబడి, "ఒరేయ్ లోగేరూ! ఆయిలు మార్చే టైమైంది, బండి తేలేదేంరా?" అని పిలిచాడు.

పిన్ని తలుపు తీసింది.

"ఆయన లేరు బావగారూ. పోయారు."

"ఎక్కడికి?"

"చనిపోయారు."

మేస్త్రి గేటు పట్టుకుని కూలబడ్డాడు. అప్పుడే విన్నట్టు, మొదటిసారి విన్నట్టు ఏడ్చాడు. పిన్ని నీళ్లు తెచ్చి తాగించి, పానాకు కబురు పెట్టింది. కొన్నాళ్లకు మళ్లీ వచ్చాడు. మళ్లీ అదే పిలుపు. పిన్ని మళ్లీ చెప్పింది, ఆయన మళ్లీ అంతే ఏడ్చాడు. పానా పరుగున వచ్చి తండ్రిని లేపి తీసుకెళ్తుంటే వాళ్లు మలుపు తిరిగేదాకా పిన్ని గేటు దగ్గరే నిలబడింది.

మూడోసారి వచ్చినప్పుడు, "వాడేడమ్మా?" అని అడిగాడు మేస్త్రి. పిన్ని నోరు తెరిచి, ఆ మొహం చూసి, ఆగిపోయింది.

"పైకెళ్లారు బావగారూ. మీకు తెలుసుగా ఆయన సంగతి. నిదానంగా వస్తారు."

మేస్త్రి మొహం విప్పారింది. "వాడా? ఇవాళ దిగడు. రేపటికి దిగితే గొప్పే!" అని పెద్దగా నవ్వాడు. "సరే, కాసేపు కూర్చుంటాను" అని అరుగు మీద కూర్చున్నాడు. పిన్ని లోపలికి వెళ్లి, భర్త పోయాక మొదటిసారి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని ఆయనకు టీ పెట్టి ఇచ్చింది.

అప్పటి నుంచి అది అలవాటైంది. పానా పనికి వెళ్తూ తండ్రిని అక్కడ దింపేది. సాయంత్రం వచ్చి తీసుకెళ్లేది. ఆయన అరుగు మీద కూర్చుని దారి చూసేవాడు, పిన్ని లోపల మిషను తొక్కేది. మధ్యమధ్య మిషను చప్పుడు విని, "నూనె వెయ్యమ్మా, ఎండిపోయింది" అనేవాడు. ఆమె వేసేది.

"ఎందుకు పిన్నీ ఇదంతా?" అని పానా ఒకసారి అడిగింది. "ఆయన చేతి వల్లే కదా..."

"నాకూ అలాగే అనిపిస్తుంది కొన్ని రోజులు. ఆ చేతులు చూడలేక లోపల కూర్చుంటాను." పిన్ని దారం కొరికింది. "కానీ మా ఆయన బతికే ఉన్నాడని నమ్మే మనిషి ఈ లోకంలో ఈయనొక్కడే. ఆయన గురించి వస్తాడు అని మాట్లాడేవాళ్లు నాకింకెవరున్నారు?"

ఇంకో సాయంత్రం పానా గేటు దగ్గరికి వచ్చేసరికి మేస్త్రి గొంతు వినిపించింది.

"మా పిల్లకు పని మీద శ్రద్ధ లేదమ్మా. ఏదో పెద్ద తప్పే చేసింది. ఏమిటో గుర్తు రావడం లేదు. గుండెలో మాత్రం ముల్లులా ఉంది."

"పిల్లది తప్పు కాదు బావగారూ," అంది పిన్ని.

"మరి ఎవరిది?"

మిషను ఆగింది. పానా గేటు దగ్గరే ఆగిపోయింది.

"మా ఆయనదే," అంది పిన్ని చివరికి. "ఆగి ఒకసారి చూసుకోవలసింది. ఆగలేదు."

"వాడి మీద నింద వెయ్యకమ్మా. వాడంత జాగ్రత్తపరుడు ఇంకొకడు లేడు."

"అవును," అంది పిన్ని. "లేడు."

పానా లోపలికి రాగానే పిన్ని ఆమె చేతిని ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలేసింది. ఆ మాటలు నిజమో కాదో ఇద్దరూ ఎప్పుడూ తేల్చుకోలేదు.

తండ్రీ కూతుళ్లు ఇంటికి నడుస్తున్నారు. ఎండ తగ్గింది. దారిలో ఒక బండి కొండ దిగి వస్తుంటే మేస్త్రి ఆగి చెవి ఒగ్గాడు. అది దాటి వెళ్లాక, చాలా నెలల తర్వాత, తనంతట తానే కూతురి వైపు తిరిగాడు.

"అమ్మడూ, వాడి బండి విషయంలో నువ్వేదో పొరపాటు చేశావు కదూ?"

"అవును నాన్నా."

"పెద్దదేనా?"

"పెద్దదే."

ఆయన కొంతదూరం ఆలోచిస్తూ నడిచాడు. నడుస్తూనే ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. కొండ వైపు ఒకసారి తిరిగి చూసి, ఎవరూ వినకూడదన్నట్టు గొంతు తగ్గించాడు.

"భయపడకు. వాడొచ్చాక నువ్వేమీ మాట్లాడకు. ఆ పని నేనే చేశానని చెప్తాను. నన్నైతే వాడేమీ అనడు."

పానా ఆయన చెయ్యి పట్టుకుంది. "సరే నాన్నా," అంది. ఇద్దరూ ఇంటి వైపు నడిచారు.